హాఫ్‌టైమ్‌లో రిటైర్‌మెంటా!! ఇదేం పద్ధతి? (బిల్స్ - ఛార్జర్స్)

నాలుగోడౌన్
2018 సెప్టెంబర్ 16, సాయంత్రం 5:20
ఇప్పుడే స్టేడియం నుంచి వచ్చాను. అక్కడ ఉన్నంతసేపూ నాకు విషయమే తెలియలేదు. కారెక్కి ఫోన్ చూశాక తెలిసింది, మన బఫెలో బిల్స్ కార్నర్‌బ్యాక్ (ఎదుటి రిసీవర్లని కాసే డిఫెండర్) వాంటే డేవిస్ హాఫ్‌టైమ్‌లో రిటైరయ్యాడని. దెబ్బ తగిలి బయటికి వెళ్ళడం కాదు, కోచ్ తీసేయడం కాదు. 28-6తో వెనకబడి లాకర్‌రూమ్‌లోకి వెళ్ళినవాడు మళ్ళీ బయటికి రాలేదు. బట్టలు మార్చుకుని వెళ్ళిపోయాడు. చివరికి 31-20తో ఓడాం.

పోయిన వారం రేవెన్స్ చేతిలో 47-3. ఈ వారం ఇది. పాపం మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) జాష్ ఆలెన్‌కి మొదటిసారి స్టార్ట్ చేసిన మ్యాచ్. ఆ కుర్రాడి గురించి మాట్లాడుకోవలసిన రోజున ఇలాంటివాడి గురించి మాట్లాడుకుంటున్నాం. జట్టుని నట్టేట ముంచి పోవడమంటే ఇదే.

కబుర్లపోగు
2018 సెప్టెంబర్ 16, సాయంత్రం 5:26
నట్టేట ముంచడానికి పడవ అప్పటికే మునిగింది కదా బాసూ, 28-6! ఈదుకుంటూ ఒడ్డెక్కాడు అనాలి.

నేనూ సెకండాఫ్ చూడలేదు. నన్ను కూడా రిటైరైనట్టే రాసుకోండి.

కొత్తచిగురు
2018 సెప్టెంబర్ 16, సాయంత్రం 5:31
ఒక డౌట్. ఫుట్‌బాల్‌లో 31-20 స్కోరేంటండీ? అన్ని గోల్స్ ఎలా కొడతారు?

కబుర్లపోగు
2018 సెప్టెంబర్ 16, సాయంత్రం 5:33
ఇది అమెరికన్ ఫుట్‌బాల్ తమ్ముడూ. పేరులోనే ఫుట్. ఆడేదంతా చేతులతో. ఇవాళ ఒకాయన చేతులెత్తేశాడు కూడా.

లెక్కలమాస్టారు
2018 సెప్టెంబర్ 16, సాయంత్రం 5:48
జోకులు తర్వాత. దీనివల్ల జట్టుకి ఏమవుతుందో ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెబుతా. రోస్టర్‌లో, అంటే జట్టు జాబితాలో, 53 మంది ఉంటారు, మ్యాచ్ రోజున 46 మందికే ఆడే అర్హత. ఆ 46 పేర్లు ఆటకి ముందే ఇచ్చేయాలి. మధ్యలో ఒకడు వెళ్ళిపోతే మిగిలిన ఏడుగురిలోంచి ఇంకొకడిని దింపడానికి వీల్లేదు. అంటే పొద్దున్నే "నాకు ఒంట్లో బాగాలేదు" అని ఉంటే వేరే కార్నర్‌ని జాబితాలో పెట్టుకునేవాళ్ళు. హాఫ్‌టైమ్‌లో చెప్పడంతో ఆ దారి కూడా మూసుకుపోయింది.

పోయిన వారం ఇతన్ని ఆ 46 మందిలో పెట్టలేదు. ఈ వారం పెట్టారు. అతను కాదనలేదు. నా కోపమంతా అక్కడ.

మంజీర
2018 సెప్టెంబర్ 16, సాయంత్రం 6:15
నేను ఫిజియోథెరపిస్టుని. ఈ ఆట చూడటం మొదలుపెట్టి మూడేళ్ళే, అందుకని స్ట్రాటజీ గురించి మాట్లాడను. శరీరం గురించి ఒక్కమాట.

కార్నర్‌బ్యాక్ పని ఏమిటో ఒకసారి తలచుకోండి. ఎదురుగా అవతలి జట్టులోకెల్లా వేగంగా పరిగెత్తే రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) ఉంటాడు. వాడు ఎటు తిరుగుతాడో ముందే వాడికి తెలుసు, ఇతనికి తెలియదు. ఇతను వెనక్కి అడుగులు వేస్తూ, వాడు తిరిగిన క్షణంలో నడుము మెలితిప్పి వాడి వెంట పడాలి. ఆ మలుపులో భారమంతా గజ్జల దగ్గర కండరాల మీద పడుతుంది. డేవిస్‌కి పోయిన ఏడాది ఆపరేషన్ అయింది సరిగ్గా అక్కడే. ముప్పై ఏళ్ళ వయసులో ఆ కండరం ఒక్క అర సెకను ఆలస్యంగా స్పందిస్తే చాలు, ఎదుటివాళ్ళకి టచ్‌డౌన్ (గోల్ లాంటిది) పోతుంది. అది ప్రాక్టీసులో తెలియకపోవచ్చు. మ్యాచ్‌లో, పూర్తి వేగంలో ఉన్నప్పుడే తెలుస్తుంది. అతనికి ఇవాళ తెలిసిందేమో.

లెక్కలమాస్టారు
2018 సెప్టెంబర్ 16, సాయంత్రం 6:22
తెలియడం వేరు, వెళ్ళిపోవడం వేరు మంజీర గారూ. తెలిస్తే పక్కన కూర్చోవచ్చు. సైడ్‌లైన్‌లో నిలబడి పక్కవాడికి నాలుగు మాటలు చెప్పవచ్చు. మంగళవారం పొద్దున్న రిటైర్ అయితే ఎవరైనా కాదంటారా? కేక్ కోసి పంపేవాళ్ళం.

నాలుగోడౌన్
2018 సెప్టెంబర్ 16, సాయంత్రం 6:40
లొరెంజో అలెగ్జాండర్ మాట్లాడాడు, చూశారా? మన జట్టులో అందరికంటే ఓపికస్తుడు, మాట జారని మనిషి. ఆయనే ఇది సహచరులని పూర్తిగా అగౌరవపరచడం అన్నాడు. చిన్నపిల్లల లీగ్ నుంచి ఇప్పటిదాకా ఎక్కడా ఇలాంటిది చూడలేదన్నాడు. డేవిస్ ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదట, సెకండాఫ్‌కి వెళుతుంటే తెలిసిందట. కోచ్ మెక్‌డెర్మట్ మాత్రం పొడిపొడిగా, తనంతట తనే ఆటలోంచి తప్పుకున్నాడు, అయిపోయిందని మాతో చెప్పాడు అని వదిలేశాడు.

పెళ్ళిపీటల మీద నుంచి లేచిపోయినవాడికీ ఇతనికీ తేడా ఏముంది?

మంజీర
2018 సెప్టెంబర్ 16, సాయంత్రం 6:44
ఇష్టం లేని పెళ్ళి చేసుకుని నలభై ఏళ్ళు ఏడవడం కంటే పీటల మీద లేవడం నయం అంటాను నేను. మా ఇంట్లో ఈ మాట అంటే ఊరుకోరనుకోండి, అది వేరే సంగతి.

పాతకాపు
2018 సెప్టెంబర్ 16, రాత్రి 7:30
ఇక్కడ కుర్రాళ్ళకి గుర్తుండదు గానీ, మన గవాస్కర్ కూడా ఒకసారి ఆట మధ్యలో వెళ్ళిపోబోయాడు. 1981 ఫిబ్రవరి, మెల్‌బోర్న్. లిల్లీ బౌలింగ్‌లో ఎల్బీ ఇచ్చారు, బ్యాటుకి తగిలిందని ఆయన వాదన. కోపంతో అవతలి ఎండ్‌లో ఉన్న చేతన్ చౌహాన్‌ని కూడా వెంటబెట్టుకుని నడిచాడు. బౌండరీ దగ్గర మన టీమ్ మేనేజర్ దుర్రానీ ఎదురొచ్చి చౌహాన్‌ని వెనక్కి పంపాడు. లేకపోతే మ్యాచ్ అక్కడే ఆస్ట్రేలియాకి పోయేది. అలా మిగిలిన ఆ మ్యాచ్‌లో కపిల్ తొడ గాయంతోనే బౌలింగ్ చేసి 28 పరుగులకి 5 వికెట్లు తీశాడు. 143 కొట్టవలసిన ఆస్ట్రేలియా 83కే ఆలౌట్. సిరీస్ సమం చేసుకుని వచ్చాం.

నేను అడిగేది ఒకటే. ఈ డేవిస్‌కి గుమ్మం దగ్గర ఎదురొచ్చే ఒక్క దుర్రానీ లేకపోయాడా?

కబుర్లపోగు
2018 సెప్టెంబర్ 16, రాత్రి 7:34
పాతకాపు గారూ, మీరు ఏ చర్చలోనైనా మెల్‌బోర్న్ చేరుకుంటారు. నమస్కారం.

మంజీర
2018 సెప్టెంబర్ 16, రాత్రి 7:51
కపిల్ గాయంతో ఆడి గెలిపించాడు కాబట్టి ముప్పై ఏడేళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటున్నాం. గాయంతో ఆడి కండరం తెగిపోయి, మళ్ళీ మైదానం ఎక్కనివాళ్ళని ఎవరు చెప్పుకుంటారు? మా క్లినిక్‌కి వస్తారు వాళ్ళు. పేర్లు ఎవరికీ తెలియవు.

గుర్రపునాడా
2018 సెప్టెంబర్ 16, రాత్రి 9:05
నేను ఇండియానాపోలిస్ కోల్ట్స్ అభిమానిని, మీ గొడవలోకి రాకూడదు. కానీ ఇతను మా దగ్గర అయిదేళ్ళకు పైగా ఆడాడు కాబట్టి చెప్పాలి.

2009లో మయామి జట్టు డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్ళ ఎంపిక) మొదటి రౌండ్‌లో 25వ వాడిగా తీసుకుంది. 2012లో మాకు ట్రేడ్ చేశారు. ఆ సీన్ టీవీ కెమెరాల ముందే జరిగింది. మేనేజర్ గదిలోకి పిలిచి నిన్ను ఇండియానాపోలిస్‌కి పంపేశాం అంటే, అతను అడిగింది డబ్బు గురించి కాదు, కాంట్రాక్టు గురించీ కాదు. మా గ్రాండ్‌మాకి ఫోన్ చేసుకోవచ్చా అని. ఆమె దగ్గరే పెరిగాడు. మా దగ్గరికొచ్చాక 2014, 2015 రెండేళ్ళూ ప్రో బౌల్‌కి (లీగ్‌లో మేటి ఆటగాళ్ళ మ్యాచ్) ఎంపికయ్యాడు. మా క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ అటు బంతి విసిరితే, ఇటు ఇతను ఎదుటివాళ్ళ బంతి లాక్కునేవాడు.

పోయిన నవంబర్‌లో, సీజన్ మధ్యలో, మేమే అతన్ని తీసేశాం. అప్పుడు ఎవరూ "ఇదేం పద్ధతి" అని చర్చ పెట్టలేదు. జట్టు వదిలేస్తే బిజినెస్, ఆటగాడు వదిలేస్తే ద్రోహం.

ఇందాకే అతని ప్రకటన కూడా వచ్చింది, చదవండి. ఇలా రిటైరవుతానని తను కూడా అనుకోలేదన్నాడు. ఎన్నో ఆపరేషన్లు, ఎన్నో గాయాలు భరించి ఆడానని, ఇవాళ మైదానంలో నిలబడ్డాక తను ఇంక అక్కడ ఉండకూడదన్న నిజం గట్టిగా తగిలిందని రాశాడు. సహచరులని అవమానించే ఉద్దేశం లేదని కూడా.

నాలుగోడౌన్
2018 సెప్టెంబర్ 16, రాత్రి 9:20
చదివాను. బాగా రాశాడు. కానీ ఆ నిజమేదో రెండు గంటల ముందు తగిలి ఉంటే బాగుండేది. ఒక ఏడాదికి 50 లక్షల డాలర్ల ఒప్పందం. చెక్కులు 17 వారాలకీ వస్తాయి, ఇతను రెండో వారంలో మానేశాడు.

గుర్రపునాడా
2018 సెప్టెంబర్ 16, రాత్రి 9:24
అదే కదా నేనంటున్నది. డబ్బే కావాలంటే గజ్జల్లో నొప్పి అని పడిపోయి, గాయపడ్డవాళ్ళ జాబితాలో చేరి, ఇంట్లో కూర్చుని మిగిలిన చెక్కులు తీసుకోవచ్చు. ఈ లీగ్‌లో అది తెలియనివాడు లేడు. వద్దనుకుని వెళ్ళాడు.

లెక్కలమాస్టారు
2018 సెప్టెంబర్ 16, రాత్రి 9:41
ఇది మాత్రం నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. అయినా లాకర్‌రూమ్‌లో పక్క కుర్చీలో ఉన్నవాడికి ఒక్కమాట చెప్పడానికి ఖర్చేముంది?

నీలిఎరుపు17
2018 సెప్టెంబర్ 16, రాత్రి 10:02
పిరికివాడు. అంతే. మిగతాదంతా సాకులు. అతన్ని సమర్థించేవాళ్ళంతా జీవితంలో ఏ ఆటా ఆడనివాళ్ళు, ముఖ్యంగా ఆ ఫిజియో

నిర్వాహకుడు
2018 సెప్టెంబర్ 16, రాత్రి 10:09
పై పోస్టులో సగం తీసేశాను. ఆటగాడిని ఎంతైనా విమర్శించండి, సభ్యులని కాదు. నీలిఎరుపు17 గారికి వారం విరామం. హాఫ్‌టైమ్ అనుకోండి.

కబుర్లపోగు
2018 సెప్టెంబర్ 17, ఉదయం 11:15
ఆఫీసు అప్‌డేట్: పదింటికి మొదలైన మీటింగ్ పదకొండుకి కూడా తేలకపోతే మా టీమ్‌లో ఒకతను టీ తెచ్చుకుంటానని లేచి తిరిగి రాలేదు. మా మేనేజర్ అమెరికన్. "హి డిడ్ ఎ వాంటే" అన్నాడు. ఇంక ఇది క్రియాపదం అయిపోయినట్టే. నేను డేవిసేశాను, నువ్వు డేవిసేశావు, వారు డేవిసేసిరి.

కొత్తచిగురు
2018 సెప్టెంబర్ 23, సాయంత్రం 4:35
నిన్నటిదాకా రూల్స్ చదివి ఇవాళ మొదటిసారి పూర్తి మ్యాచ్ చూశాను. మిన్నెసోటాలో వైకింగ్స్ మీద 27-6!! ఆ ఆలెన్ ఒక మనిషి మీద నుంచి దూకేశాడేంటి! డేవిస్ వెళ్ళాకే శని వదిలిందా?

నాలుగోడౌన్
2018 సెప్టెంబర్ 23, సాయంత్రం 4:50
స్వాగతం తమ్ముడూ. ఒక్క గెలుపుకే ఎగరకు, ఇది బిల్స్. 17 ఏళ్ళు ప్లేఆఫ్ మొహం చూడకుండా బతికినవాళ్ళం.

గుర్రపునాడా
2019 ఆగస్ట్ 25, ఉదయం 8:10
ఈ పాత చర్చని పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. కొత్తది పెట్టే ఓపిక లేదు. నిన్న రాత్రి మా ఆండ్రూ లక్ రిటైరయ్యాడు, 29 ఏళ్ళకి. బేర్స్‌తో ప్రీసీజన్ మ్యాచ్ జరుగుతుండగానే వార్త బయటికి పొక్కింది. మామూలు బట్టల్లో సైడ్‌లైన్‌లో నిలబడి ఉన్నాడు. మ్యాచ్ అయ్యాక లోపలికి వెళుతుంటే మావాళ్ళే, మా స్టేడియంలోనే, బూ అని అరిచారు. బాధగా అనిపించిందని ప్రెస్‌మీట్‌లో ఒప్పుకున్నాడు.

ఇతను ఆట మధ్యలో పోలేదు లెక్కలమాస్టారు గారూ. సీజన్‌కి రెండు వారాల ముందే చెప్పాడు. అయినా తిట్లు తప్పలేదు.

లెక్కలమాస్టారు
2019 ఆగస్ట్ 25, ఉదయం 9:30
అరిచినవాళ్ళది తప్పు. చూస్తే నాకే సిగ్గేసింది.

కబుర్లపోగు
2022 జనవరి 2, సాయంత్రం 5:05
అందరూ లేవండి, పని పడింది! ఆంటోనియో బ్రౌన్!!

కొత్తచిగురు
2022 జనవరి 2, సాయంత్రం 5:12
లైవ్‌లో చూశాను. న్యూజెర్సీలో జెట్స్‌తో మ్యాచ్, మూడో క్వార్టర్, బకనీర్స్ 24-10తో వెనకబడి ఉన్నారు. వాళ్ళ రిసీవర్ బ్రౌన్ జెర్సీ విప్పాడు, భుజాల ప్యాడ్లు విప్పాడు. సహచరుడు మైక్ ఎవన్స్ ఆపబోతే వినలేదు. లోపలి చొక్కా, గ్లవ్స్ జనంలోకి విసిరి, మైదానం చివర ఎండ్‌జోన్‌లో గెంతుతూ, రెండు వేళ్ళు ఊపుతూ లోపలికి పోయాడు. అవతల ఆట నడుస్తూనే ఉంది! చివరికి 15 సెకన్లు ఉండగా క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ టచ్‌డౌన్ పాస్‌తో 28-24 గెలిచారు, అది ఎవరికీ పట్టలేదు.

ఈ లెక్కన డేవిస్ సన్యాసిలా వెళ్ళాడండీ బాబూ.

నాలుగోడౌన్
2022 జనవరి 2, రాత్రి 8:40
కోచ్ ఏరియన్స్ మ్యాచ్ అవ్వగానే అతను ఇంక మావాడు కాదు అన్నాడు. బ్రేడీ మాత్రం జాలి, సానుభూతి చూపండి అన్నాడు. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత వీడియో రెండోసారి చూస్తే నవ్వు రాలేదు. ఆ గెంతులు సంతోషంగా ఉన్న మనిషి గెంతులు కాదు.

మంజీర
2022 జనవరి 7, ఉదయం 7:25
అతని వైపు మాట కూడా వచ్చింది. చీలమండ దెబ్బతో, నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ తీసుకుని ఆడానని, ఇంక కుదరదంటే బయటికి పొమ్మన్నారని అంటున్నాడు. కోచ్ అలా కాదంటున్నాడు, గాయం గురించి తనతో చెప్పనే లేదని. నిన్న జట్టు తీసేసింది. ఎవరిది నిజమో నేను తేల్చను. బ్రౌన్ గత చరిత్ర కూడా చిన్నది కాదు. దొంగ వ్యాక్సిన్ కార్డు కోసం మొన్న డిసెంబర్‌లోనే మూడు మ్యాచ్‌లు బయట కూర్చున్నాడు.

కానీ ఒకటి గమనించండి. మూడు బోనస్‌లు, ఒక్కోటీ 3,33,333 డాలర్లు, అందేంత దూరంలో ఉన్నాయి. ఇంకొన్ని క్యాచ్‌లు పడితే చాలు. డబ్బు లెక్క వేసుకునే స్థితిలో ఉన్న మనిషి అలా చేయడు. పోయిన జూలైలో టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ ఒక్క వాల్ట్ చేసి టీమ్ ఫైనల్ నుంచి తప్పుకున్నప్పుడు కూడా ఇక్కడ ఇదే గొడవ. ఆమె గాలిలో తను ఎక్కడ ఉందో తెలియడం లేదంది. తలకిందులుగా ఉన్నప్పుడు అది తెలియకపోతే మెడ విరుగుతుంది.

లెక్కలమాస్టారు
2022 జనవరి 7, ఉదయం 8:02
ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టకండి మంజీర గారూ. బైల్స్ అక్కడే నిలబడి తన జట్టుకి చప్పట్లు కొట్టింది. నేను 2018లో అడిగింది అదే.

మంజీర
2022 జనవరి 7, ఉదయం 8:10
ఇది మాత్రం మీరే గెలిచారు.

గుర్రపునాడా
2024 ఏప్రిల్ 1, రాత్రి 10:30
వాంటే డేవిస్ ఇవాళ చనిపోయాడు. ఫ్లోరిడాలో, ఒక ఇంట్లో. 35 ఏళ్ళు.

కొత్తచిగురు
2024 ఏప్రిల్ 1, రాత్రి 10:41
అయ్యో. మొన్న మే నెలకి 36 నిండేవి కాదా...

గుర్రపునాడా
2024 ఏప్రిల్ 1, రాత్రి 10:44
వచ్చే మేలో నిండేవి.

పదేళ్ళ కెరీర్, 22 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ళు విసిరిన బంతి లాక్కోవడం). ఇప్పుడు ఏ వార్త తెరిచినా మొదటి రెండు వాక్యాల్లో హాఫ్‌టైమ్ మాట ఉంది.

కబుర్లపోగు
2024 ఏప్రిల్ 2, ఉదయం 6:50
పాత పేజీలు చదివాను. నా జోకులు నాకే చేదుగా ఉన్నాయి. తీసేద్దామని చూశాను, ఎడిట్ బటన్ లేదు.

లెక్కలమాస్టారు
2024 ఏప్రిల్ 2, ఉదయం 8:15
మనిషి పోయాడని అప్పటి నా మాట మార్చుకోను. ఆ రోజు చేసింది తప్పే. కానీ ఆ రోజు రాత్రి ఇంటికెళ్ళి ఎలా ఉన్నాడో అని ఒక్కసారి కూడా అనుకోలేదు నేను. ఆత్మకు శాంతి కలగాలి.

నాలుగోడౌన్
2024 ఏప్రిల్ 2, మధ్యాహ్నం 1:10
ఈ చర్చ మొదలుపెట్టింది నేనే కాబట్టి రాయాలి.

పోయినేడాది జనవరి 2న సిన్సినాటిలో మన డామర్ హామ్లిన్ ఒక మామూలు ట్యాకిల్ చేసి లేచి, రెండడుగులు వేసి పడిపోయాడు కదా. మైదానంలోనే గుండె ఆగిపోతే మళ్ళీ ఆడించారు. మొదటి క్వార్టరే ఇంకా అయిపోలేదు. రెండు జట్లూ ఆడలేమని లోపలికి వెళ్ళిపోయాయి. మ్యాచ్ ఇంక జరగలేదు. ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ముందు అందరం నిలబడే ఉన్నాం, కూర్చోవాలని కూడా తోచలేదు. ఆట మధ్యలో మానేసినందుకు ఆ తొంభై చిల్లర మందిని ఎవరూ ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు. డేవిస్ గుర్తొచ్చాడు అప్పుడు. ఇక్కడ రాద్దామనుకుని రాయలేదు, బద్ధకం, కొంచెం నామోషీ.

ముందే చెప్పి ఉండాలి అన్నది ఇప్పటికీ అంటాను. మాస్టారి 46 లెక్క సరైనదే. కానీ "ఇలాంటివాడు" అని రాశాను మొదటి పోస్టులో. అతని ఆట నేను చూసింది మొత్తం కలిపి ఆ ఒక్క ఫస్టాఫ్. ఎలాంటివాడో నాకేం తెలుసు?

నిర్వాహకులు గారూ, ఈ చర్చ శీర్షిక మార్చడానికి వీలవుతుందా? ఆ రెండు ఆశ్చర్యార్థకాలైనా తీసేయండి.

నిర్వాహకుడు
2024 ఏప్రిల్ 2, సాయంత్రం 4:00
శీర్షిక మార్చడం కుదరడం లేదండీ, ఇది పాత సాఫ్ట్‌వేర్‌లో మొదలైన చర్చ. కావాలంటే ఇంక ఎవరూ రాయకుండా తాళం వేయగలను.

నాలుగోడౌన్
2024 ఏప్రిల్ 2, సాయంత్రం 4:12
వద్దులెండి. తెరిచే ఉంచండి.